ఎంబెడెడ్ బోర్డుకు లినక్స్ కర్నెల్ కాన్ఫిగర్ చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పూట హన్మకొండలో మా గదికి బోర్డు పట్టుకుని వచ్చే ఫైనలియర్ పిల్లలు, బోరు మోటార్లకు కంట్రోలర్లు తయారు చేసే ఒకరిద్దరు వర్క్‌షాపు వాళ్లు, రాత్రి పదకొండింటికి "అన్నా, బూట్ అయితలేదు" అంటూ స్క్రీన్ ఫోటో పంపేవాళ్లు. మనుషులు మారుతున్నారు గానీ డౌట్లు మాత్రం అవే. ఫోన్‌లో చెప్పిందే చెప్పి విసుగొచ్చి ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవాల్సిన పని లేదు. కమాండ్లనూ ఫైళ్ల పేర్లనూ మనం ల్యాబ్‌లో పలికినట్టే రాశాను.

## మొదలుపెట్టకముందు

కర్నెల్ కాన్ఫిగర్ చేయడమంటే అసలు ఏం చేస్తున్నట్టన్నా?

కర్నెల్ అంటే హార్డ్‌వేర్‌నూ ప్రోగ్రాములనూ కలిపే, ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. లినక్స్ కర్నెల్ సోర్స్ ఒక్కటే. సర్వర్‌కూ ఫోన్‌కూ మీ చేతిలోని బోర్డుకూ అదే. అందులో వేల కొద్దీ డ్రైవర్లు (ఒక్కో చిప్‌ను నడిపే కోడ్), ఫైల్ సిస్టమ్‌లు, నెట్‌వర్క్ ప్రోటోకాల్స్ ఉంటాయి. వాటిలో ఏవి కావాలో ఏవి వద్దో రాసిన చిట్టీయే డాట్ కాన్ఫిగ్ ఫైలు. కిరాణా కొట్టుకు పంపే సామాన్ల చిట్టీ లాంటిదే, రాసినవే సంచిలోకి వస్తాయి. వచ్చిన పప్పు ఇంట్లో ఏ డబ్బాలో పోయాలో మాత్రం చిట్టీలో ఉండదు. ఆ సంగతి డివైస్ ట్రీ చెబుతుంది: ఏ చిప్ ఏ బస్ మీద ఉంది, దాని అడ్రస్ ఎంత, ఏ పిన్నుకు తగిలించారు అని.

పీసీలో ఈ గొడవ తెలియదు. అక్కడ పీసీఐ కార్డులు అడిగితే తమ పేరు తామే చెప్పుకుంటాయి, మిగతాది బయాస్ చెబుతుంది. ఆర్మ్ బోర్డు మీద ఐ2సీ అనే రెండు తీగల బస్‌కు తగిలించిన సెన్సార్ అడిగినా పేరు చెప్పదు. అందుకే మనం రెండు చోట్ల చెప్పాలి. కాన్ఫిగ్ డ్రైవర్‌ను తెస్తుంది, డివైస్ ట్రీ దానికి పని చూపిస్తుంది. నా దగ్గరికి వచ్చే డౌట్లు చాలామటుకు ఒకచోట చెప్పి రెండోచోట మరిచిపోయినవే.

బోర్డుతో వచ్చిన ఇమేజ్ మంచిగనే నడుస్తోంది. మళ్లీ కర్నెల్ కట్టుకోవాలా, అంటే కంపైల్ చేసుకోవాలా?

వద్దు. నిజంగానే వద్దు. ఎల్ఈడీ వెలిగించడానికి, సెన్సార్ చదివి సర్వర్‌కు పంపడానికి కర్నెల్ ముట్టుకోనక్కర్లేదు, యూజర్ స్పేస్‌లో, అంటే మామూలు ప్రోగ్రాములు నడిచే చోట, పైథాన్ చాలు. ప్రాజెక్టు రిపోర్టులో బరువు కోసం కర్నెల్ కట్టి, ఆఖరి వారం అది బూట్ కాక ఏడ్చినవాళ్లను చూశాను. మీ చిప్‌కు డ్రైవర్ ఆ ఇమేజ్‌లో లేకపోతే, బూట్ టైమ్ తగ్గించాలంటే, ఫ్లాష్‌లో చోటు చాలకపోతే, సొంతంగా పీసీబీ వేసుకుంటే అప్పుడు కట్టండి. నేర్చుకోవడానికైతే ఎప్పుడైనా కట్టండి, దానికి కారణం అక్కర్లేదు.

మా ల్యాబ్‌లో ఎస్‌టీఎం32 బ్లూపిల్ బోర్డులున్నాయి. వాటి మీద లినక్స్ ఎక్కుతుందా?

ఎక్కదు. బ్లూపిల్ మీదున్న ఎఫ్103 చిప్‌లో ర్యామ్ 20 కేబీ, ఫ్లాష్ 64 కేబీ. లినక్స్‌కు ఎంత కోసి చిన్నది చేసినా మెగాబైట్లలో కావాలి. పైగా మామూలు లినక్స్‌కు ఎంఎంయూ (ప్రోగ్రాములకు మెమరీని విడదీసి పంచే యూనిట్) ఉండాలి, కార్టెక్స్-ఎం రకంలో అది ఉండదు. ఎంఎంయూ లేకుండా నడిపే పద్ధతి ఒకటుంది గానీ దానికీ బయట ఎస్‌డీర్యామ్ తగిలించిన పెద్ద బోర్డు కావాలి. బ్లూపిల్ మీద ఫ్రీఆర్‌టీఓఎస్ వేసుకోండి. అక్కడ కాన్ఫిగరేషనంతా ఒక్క హెడర్ ఫైల్‌లోనే ఉంటుంది, సాయంత్రానికి అర్థమైపోతుంది.

ఏ బోర్డు కొనాలె? వరంగల్‌లో దొరుకుతుందా?

నేర్చుకోవడానికి నా ఓటు బీగిల్‌బోన్ బ్లాక్‌కు: 1 గిగాహెర్ట్జ్ కార్టెక్స్-ఏ8, 512 ఎంబీ ర్యామ్, బోర్డు మీదే ఉండే 4 జీబీ ఈఎంఎంసీ స్టోరేజీ (మొదటి రివిజన్లలో 2 జీబీ). 2013 నాటి బోర్డే, పాతదే. కానీ దాని చిప్ మాన్యువల్ మొత్తం బయట దొరుకుతుంది, కర్నెల్‌ను లోడ్ చేసే యూ-బూట్ నుంచి, ప్రోగ్రాములూ ఫైళ్లూ ఉండే రూట్ ఫైల్ సిస్టమ్ దాకా ప్రతి మెట్టూ కళ్లకు కనిపిస్తుంది. రాస్ప్‌బెర్రీ పై తేలికగా దొరుకుతుంది, వేగం ఎక్కువ. కాకపోతే బూట్‌లో మొదటి భాగమంతా దాని సొంత ఫర్మ్‌వేర్ చేతిలో ఉంటుంది. ఇప్పటికే మీ దగ్గర పై ఉంటే అదే వాడండి, కొత్తది కొనకండి.

ఇక్కడ హన్మకొండ చౌరస్తా వైపు షాపుల్లో ఆర్డినోలు, మామూలు సెన్సార్లు దొరుకుతాయి. ఇలాంటి బోర్డులకైతే ఆన్‌లైన్, లేదంటే కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ. వెళ్లినప్పుడు బోర్డు మాటలు ల్యాప్‌టాప్‌లో చూపించే యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ ఒకటి, మంచి కంపెనీ ఎస్‌డీ కార్డులు రెండు తెచ్చుకోండి. కేబుల్ లేకుండా కర్నెల్ పని మొదలుపెట్టొద్దు. హెచ్‌డీఎంఐ స్క్రీన్ మీద ఏదైనా కనపడాలంటే కర్నెల్ అప్పటికే సగం లేచి ఉండాలి. మీ సమస్య దానికంటే ముందే ఉంటుంది.

నా ల్యాప్‌టాప్‌లో విండోసే ఉంది. సరిపోతుందా?

డబ్ల్యూఎస్ఎల్2లో (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) ఉబుంటు వేసుకుంటే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: సోర్స్‌ను సీ డ్రైవ్‌లో పెట్టకండి, ఉబుంటు లోపలి హోమ్ ఫోల్డర్‌లో పెట్టండి. కర్నెల్ సోర్స్‌లో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు తప్ప మిగతా పేరంతా ఒకటే అయిన ఫైళ్లున్నాయి. నెట్‌ఫిల్టర్ ఫోల్డర్‌లో చూస్తే తెలుస్తుంది. విండోస్ డిస్కు ఆ రెంటినీ ఒకటే అనుకుంటుంది, ఒక ఫైలు మీద ఇంకో ఫైలు పడుతుంది. తర్వాత కంపైల్‌లో వచ్చే ఎర్రర్‌కూ దీనికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

హాస్టల్ వైఫై మీద పూర్తి గిట్ చరిత్ర దించొద్దు, అది గిగాబైట్లలో ఉంటుంది. క్లోన్ చేసేటప్పుడు డెప్త్ 1 ఇవ్వండి, లేదా ఒక వెర్షన్ టార్‌బాల్ దించుకోండి. 6.6 అయితే దాదాపు 140 ఎంబీ.

ఏ వెర్షన్ కర్నెల్ తీసుకోవాలి?

లాంగ్‌టర్మ్ అని గుర్తు పెట్టినవాటిలో ఒకటి: 6.1, 6.6, 6.12 లాంటివి. వాటికి ఏళ్ల తరబడి సెక్యూరిటీ ఫిక్స్‌లు వస్తాయి. చిప్ కంపెనీ తన సొంత కర్నెల్ ఇస్తే, దాంట్లో మాత్రమే పనిచేసే కెమెరా, వీడియో డ్రైవర్లు మీకు కావాలంటే అది తీసుకోండి. లేకపోతే అసలు కర్నెలే మేలు. రాస్ప్‌బెర్రీ పైకి మాత్రం వాళ్ల సొంత ట్రీతో మొదలుపెడితే తలనొప్పి తక్కువ.

## కాన్ఫిగ్ రాసుకునే దశ

మెనూకాన్ఫిగ్ తెరిస్తే వేల ఆప్షన్లు. ఎక్కడ పట్టుకోవాలి?

మెనూకాన్ఫిగ్ అంటే డాట్ కాన్ఫిగ్‌ను మార్చే మెనూ స్క్రీన్. అక్కడ మొదలుపెట్టడమే తప్పు. ముందు డెఫ్‌కాన్ఫిగ్ వేసుకోండి. అంటే ఆ బోర్డు కుటుంబానికి పనిచేస్తుందని తెలిసినవాళ్లు రాసి పెట్టిన చిట్టీ. బీగిల్‌బోన్‌కు ఓమ్యాప్2ప్లస్_డెఫ్‌కాన్ఫిగ్ లేదా మల్టీ_వీ7_డెఫ్‌కాన్ఫిగ్, పై 4కు వాళ్ల ట్రీలో బీసీఎం2711_డెఫ్‌కాన్ఫిగ్. అది వేసి, ఏమీ మార్చకుండా కట్టి, బూట్ చేసి చూడండి. అది లేచాకే మెనూకాన్ఫిగ్ తెరవండి. పనిచేసే దాంట్లోంచి ఒక్కొక్కటి మారుస్తూ పోతే, ఆగినప్పుడు దేనివల్ల ఆగిందో తెలుస్తుంది.

షాపువాడు ఇచ్చిన ఇమేజ్ నడుస్తోంది, దాని కాన్ఫిగ్ కావాలనుకుంటే ఆ బోర్డు మీదే ప్రాక్ ఫోల్డర్‌లో కాన్ఫిగ్.జీజెడ్ ఉందేమో చూడండి. ఆ ఆప్షన్ పెట్టి కట్టి ఉంటే మొత్తం చిట్టీ అందులో దొరుకుతుంది.

ఆర్మ్ బోర్డుకు కడుతుంటే మెనూలో ఇంటెల్, ఏఎండీ అని వస్తోంది. ఎందుకు?

ఏ రకం ప్రాసెసర్‌కు కట్టాలో చెప్పే ఆర్క్=ఆర్మ్ ఇవ్వడం మరిచిపోయారు. కర్నెల్‌ను కట్టే మేక్ కమాండ్‌కు మీరు చెప్పకపోతే మీ ల్యాప్‌టాప్ కోసమే అనుకుంటుంది. 32 బిట్ ఆర్మ్ మెనూలో "సిస్టమ్ టైప్" అని, 64 బిట్‌లో "ప్లాట్‌ఫామ్ సెలెక్షన్" అని కనిపించాలి. "ప్రాసెసర్ టైప్ అండ్ ఫీచర్స్" కనిపిస్తే అది ఎక్స్86 మెనూ. అసలు భయం ఏంటంటే, అలా తెరిచి సేవ్ కొడితే మీ ఆర్మ్ కాన్ఫిగ్ కాస్తా ఎక్స్86 కాన్ఫిగ్ అయిపోతుంది, ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వదు. అందుకే ఆర్క్, క్రాస్_కంపైల్ (ఏ కంపైలర్ వాడాలో చెప్పేది) రెండూ టెర్మినల్ తెరవగానే ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. నేనైతే రెండు లైన్ల స్క్రిప్ట్ పెట్టుకున్నాను, టెర్మినల్ తెరవగానే ముందు అదే సోర్స్ చేస్తాను.

స్టార్ పెట్టాలా, ఎమ్ పెట్టాలా?

స్టార్ పెడితే ఆ కోడ్ కర్నెల్ ఇమేజ్‌లోనే కలిసిపోతుంది. ఎమ్ పెడితే విడిగా మాడ్యూల్ ఫైలు అవుతుంది, రూట్ ఫైల్ సిస్టమ్‌లో ఉండి అవసరమైనప్పుడు లోడ్ అవుతుంది. ఖాళీగా వదిలితే ఆ కోడ్ కంపైల్ కూడా కాదు. మెనూలో చదరపు బ్రాకెట్ ఉంటే ఉండటమో లేకపోవడమో, రెండే దారులు. కోణాకారపు బ్రాకెట్ ఉంటే మూడూ కుదురుతాయి.

గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. రూట్ ఫైల్ సిస్టమ్ దాకా చేరడానికి ఏది కావాలో దానికి స్టార్ తప్పనిసరి. ఎస్‌డీ కార్డు కంట్రోలర్ డ్రైవర్, ఎంఎంసీ బ్లాక్ డ్రైవర్, ఎక్స్‌టీ4, కన్సోల్ సీరియల్ డ్రైవర్ ఈ కోవలోకి వస్తాయి. కార్డును చదివే డ్రైవర్‌నే మాడ్యూల్ చేసి ఆ కార్డులో పెడితే, బీరువా తాళం బీరువాలో పెట్టి మూసినట్టే. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (కర్నెల్‌తో పాటే ర్యామ్‌లోకి ఎక్కే చిన్న ఫైల్ సిస్టమ్) వాడితే ఈ నియమం సడలుతుంది, కానీ మొదటి నెల దాని జోలికి పోకండి. వైఫై, కెమెరా, యూఎస్‌బీ జాయ్‌స్టిక్ లాంటివన్నీ ఎమ్ పెట్టుకోవచ్చు.

నాకు కావాల్సిన ఆప్షన్ మెనూలో కనపడ్తలేదు

స్లాష్ కొట్టి పేరుతో వెతకండి. దొరికిన దాని కింద "డిపెండ్స్ ఆన్" అనే లైన్ చదవండి, అసలు జవాబు అక్కడే ఉంటుంది. పక్కన బ్రాకెట్‌లో ఈక్వల్ ఎన్ అని ఉన్నది మీకు అడ్డం పడుతోంది. ముందు దాన్ని ఆన్ చేస్తే మీ ఆప్షన్ మెనూలో ప్రత్యక్షమవుతుంది. ఐ2సీ సపోర్టే ఆఫ్‌లో ఉంటే ఐ2సీ సెన్సార్ ఎలా కనపడుతుంది? వెతికిన ఫలితం పక్కన బ్రాకెట్లో అంకె ఉంటే ఆ అంకె నొక్కండి, నేరుగా ఆ చోటికే తీసుకెళ్తుంది.

డాట్ కాన్ఫిగ్‌ను చేత్తో ఎడిట్ చేశాను. మేక్ కొట్టగానే నా లైన్ మాయం

మీరు రాసిన ఆప్షన్‌కు ముందు ఉండాల్సినది లేదు, అందుకే కేకాన్ఫిగ్ (కాన్ఫిగ్‌ను సరిచూసే ప్రోగ్రాం) ఆ లైన్‌ను నిశ్శబ్దంగా తీసేసింది. అది తప్పు కాదు, దాని పనే అది. చేత్తో మార్చడం తప్పనిసరైతే మార్చాక మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ కొట్టి, మీ లైన్ మిగిలిందో లేదో గ్రెప్ చేసి చూసుకోండి. ఇంకో సంగతి, "ఈజ్ నాట్ సెట్" అని హ్యాష్‌తో మొదలయ్యే లైన్లు చూడటానికి కామెంట్‌లా ఉంటాయి గానీ కామెంట్లు కావు. ఆ ఆప్షన్ వద్దని చెప్పే పద్ధతే అది.

ఇమేజ్ సైజు తగ్గించాలి. ఏవి తీసేయొచ్చు, ఏవి ముట్టుకోవద్దు?

ముందు సైజు ఎక్కడ తగ్గించాలో చూసుకోండి. లోడ్ కాని మాడ్యూల్ ర్యామ్ తినదు, కార్డులో చోటు మాత్రమే తింటుంది. కార్డు నిండుతోందంటే కారణం చాలాసార్లు డీబగ్ ఇన్ఫోనే. మాడ్యూల్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇన్‌స్టాల్_మాడ్_స్ట్రిప్=1 ఇస్తే లిబ్ మాడ్యూల్స్ ఫోల్డర్ ఒక్కసారిగా చిక్కిపోతుంది. ఒక్క ఆప్షన్ మార్చకుండానే సగం గొడవ తీరిపోతుంది.

కర్నెల్ ఇమేజే తగ్గాలంటే: మల్టీ_వీ7 లాంటి కాన్ఫిగ్‌లో ఎన్నో కంపెనీల చిప్‌లకు సపోర్ట్ ఉంటుంది. "సిస్టమ్ టైప్"లో మీది తప్ప మిగతావన్నీ తీసేయండి. అన్నిటికంటే పెద్ద కోత అదే. తర్వాత డిస్‌ప్లే లేని బోర్డయితే గ్రాఫిక్స్, సౌండ్, మీకు అక్కర్లేని నెట్‌వర్క్ కార్డులు, ఎన్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌లు. కంప్రెషన్‌లో ఎక్స్‌జెడ్ పెడితే ఇమేజ్ చిన్నదవుతుంది గానీ విప్పడానికి టైమ్ ఎక్కువ పడుతుంది. బూట్ వేగం కావాలంటే ఎల్‌జెడ్4 లేదా ఎల్‌జెడ్ఓ.

ముట్టుకోకూడనివి: డెవ్‌టీఎంపీఎఫ్ఎస్, దాని ఆటోమౌంట్, ప్రాక్, సిస్‌ఎఫ్ఎస్, టీఎంపీఎఫ్ఎస్, ఫ్యూటెక్స్, ఈపోల్, యూనిక్స్ సాకెట్లు. డెబియన్‌లా సిస్టమ్‌డీ (బూట్‌లో సర్వీసులన్నీ లేపే ప్రోగ్రాం) వాడే రూట్ ఫైల్ సిస్టమ్ అయితే సీగ్రూప్స్, ఐనోటిఫై, టైమర్‌ఎఫ్‌డీ, సిగ్నల్‌ఎఫ్‌డీ కూడా. "సీగ్రూప్స్ అంటే కంటైనర్లకు కదా, మనకెందుకు" అని తీసేసిన ఒక తమ్ముడి బోర్డులో కర్నెల్ మంచిగనే లేచింది. లాగిన్ ప్రాంప్ట్ మాత్రం రాలేదు. మూడు రోజులు సీరియల్ డ్రైవర్‌లో తప్పు వెతుక్కున్నాడు పాపం.

పద్ధతి ఏంటంటే పదేసి ఆప్షన్లు తీయడం, కట్టడం, బూట్ చేయడం, కాన్ఫిగ్‌ను కాపీ చేసి పెట్టుకోవడం. ఒకేసారి రెండొందలు పీకితే ఏది దెబ్బ కొట్టిందో కనుక్కోవడానికి వారం పడుతుంది.

మోటార్ కంట్రోల్ చేస్తున్నాం. రియల్‌టైమ్ కర్నెల్ కావాలా?

బోరు మోటారును రిలేతో ఆన్, ఆఫ్ చేయడానికి అక్కర్లేదు. కాంటాక్టర్ లాగడానికే పదుల మిల్లీసెకన్లు పడుతుంది, అక్కడ మైక్రోసెకన్ల లెక్క దేనికి? స్టెప్పర్ మోటారుకు పల్సులు ఇవ్వాలి, సీఎన్‌సీ నడపాలి అంటే అప్పుడు ఆలోచించండి. కర్నెల్‌ను రియల్‌టైమ్‌గా, అంటే అన్న టైమ్‌కు తప్పక స్పందించేలా చేసే ప్రీఎంప్ట్_ఆర్‌టీ చాలా ఏళ్లు విడి ప్యాచ్‌గా ఉండి, 2024 నవంబరులో వచ్చిన 6.12తో అసలు కర్నెల్‌లో చేరింది. చేరింది ఎక్స్86, 64 బిట్ ఆర్మ్, రిస్క్-వీలకు. 6.12లో 32 బిట్ ఆర్మ్‌కు ఇంకా ప్యాచ్ వేసుకోవాల్సిందే. బీగిల్‌బోన్ వాళ్లకు ఇంకో దారి ఉంది. దాని చిప్‌లోనే 200 మెగాహెర్ట్జ్ పీఆర్‌యూలు (లినక్స్‌తో సంబంధం లేకుండా నడిచే చిన్న ప్రాసెసర్లు) రెండున్నాయి. పల్సుల పని వాటికి అప్పజెప్పి, లినక్స్‌ను లెక్కలు రాసుకోవడానికి వాడుకోండి. నేనైతే అదే చేస్తాను.

నా కాన్ఫిగ్‌ను ఎలా దాచుకోవాలి?

మేక్ సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్ కొట్టండి. వేల లైన్ల డాట్ కాన్ఫిగ్ నుంచి డిఫాల్ట్‌కు తేడా ఉన్న లైన్లు మాత్రమే చిన్న ఫైలుగా వస్తాయి. దాన్ని గిట్‌లో పెట్టండి, ఎందుకు మార్చారో కమిట్ మెసేజ్‌లో ఒక ముక్క రాయండి.

ఇది ఎలా నేర్చుకున్నానో చెబుతాను. ఒకసారి రెండు రోజులు కూర్చుని కాన్ఫిగ్ కోసి కోసి, ఇంకో బోర్డుకు కట్టే ముందు అంతా శుభ్రం చేద్దామని మేక్ ఎంఆర్‌ప్రాపర్ కొట్టాను. క్లీన్ అయితే ఆబ్జెక్ట్ ఫైళ్లే పోతాయి. ఎంఆర్‌ప్రాపర్ డాట్ కాన్ఫిగ్‌ను కూడా ఊడ్చేస్తుంది. అర్ధరాత్రి దాటింది, బయట వాన. కాన్ఫిగ్ లేని ఫోల్డర్‌ను చూస్తూ కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

## డివైస్ ట్రీ

డ్రైవర్‌కు స్టార్ పెట్టాను. అయినా చిప్ పనిచేస్తలేదు

డ్రైవర్ వచ్చింది, దానికి పని చూపించలేదు. డీఎస్3231 గడియారం చిప్‌తో చెబుతాను, ఎందుకంటే ఇది మన ఊళ్లలో నిజంగా కావాల్సింది. బీగిల్‌బోన్‌కు బ్యాటరీ ఉన్న గడియారం లేదు. కరెంటు పోయి వస్తే టైమ్ వెనక్కి పోతుంది, మోటారు ఎన్ని గంటలు నడిచిందో రాసుకునే లాగ్ అంతా తప్పుల తడక అవుతుంది.

చిప్‌ను పీ9 హెడర్‌లో 19, 20 పిన్నులకు తగిలించండి. కరెంటు 3.3 వోల్టులదే ఇవ్వండి. మాడ్యూల్ మీదున్న పుల్అప్ రెసిస్టర్లు మీరిచ్చిన వోల్టేజీకే లాగుతాయి, 5 ఇస్తే ప్రాసెసర్ పిన్నుల మీద 5 పడుతుంది. ఇప్పుడు ఐ2సీడిటెక్ట్‌తో బస్ 2 చూడండి. గళ్ల మధ్య 68 కనిపిస్తే తీగలు సరిగానే ఉన్నాయన్నమాట. డ్రైవర్ మాత్రం దాన్ని ఇంకా పట్టుకోలేదు. కాన్ఫిగ్‌లో డీఎస్1307 డ్రైవర్ ఆన్ చేయండి. పేరు వేరైనా 3231ను నడిపేది అదే. డివైస్ ట్రీలో ఐ2సీ2 కింద ఒక నోడ్ రాయండి: కంపాటిబుల్ దగ్గర "మ్యాక్సిమ్,డీఎస్3231", రెగ్ దగ్గర హెక్సాలో 68. బస్ స్టేటస్ "ఓకే" అని ఉందో లేదో చూడండి, "డిజేబుల్డ్" అని ఉంటే కింద ఎన్ని నోడ్లు రాసినా దండగ. డీటీబీ (డివైస్ ట్రీని కంపైల్ చేస్తే వచ్చే ఫైలు) మళ్లీ కట్టి, కాపీ చేసి, రీబూట్. ఇప్పుడు ఐ2సీడిటెక్ట్‌లో 68 పోయి యూయూ అని వస్తుంది. డ్రైవర్ ఆ చిప్‌ను తన చేతిలోకి తీసుకుందని దానర్థం.

అయినా బూట్‌లో టైమ్ తప్పే వస్తుందా? బీగిల్‌బోన్ ప్రాసెసర్ లోపలి సొంత గడియారం ఆర్‌టీసీ0 అయి కూర్చుంటే మీది ఆర్‌టీసీ1 అవుతుంది. కర్నెల్ బూట్‌లో టైమ్ తీసుకునేది డిఫాల్ట్‌గా ఆర్‌టీసీ0 నుంచి. ఆర్‌టీసీ_హెచ్‌సీటీఓసిస్_డివైస్ అనే ఆప్షన్‌లో పేరు మార్చండి.

ట్యుటోరియల్‌లో చెప్పిన చోట డీటీఎస్ ఫైలు లేదు

6.5 వెర్షన్ నుంచి 32 బిట్ ఆర్మ్ డీటీఎస్ (డివైస్ ట్రీ సోర్స్) ఫైళ్లన్నీ కంపెనీల వారీ ఫోల్డర్లలోకి మారాయి. బీగిల్‌బోన్‌వి ఇప్పుడు డీటీఎస్ కింద టీఐ, దాని కింద ఓమ్యాప్‌లో ఉంటాయి. పాత ట్యుటోరియల్ మిగతాదంతా పనికొస్తుంది, ఆ దారి ఒక్కటి మార్చుకోండి.

## కంపైల్ దశ

జీఎన్‌యూఈఏబీఐ, హెచ్ఎఫ్, ఏఆర్క్64 అని రకరకాల కంపైలర్లు. ఏది?

బోర్డు 64 బిట్ కర్నెల్‌తో నడవాలంటే ఏఆర్క్64, అప్పుడు ఆర్క్ విలువ ఆర్మ్64. 32 బిట్ అయితే హెచ్ఎఫ్ అని ఉన్నది. క్రాస్_కంపైల్ విలువ చివర డ్యాష్ ఉండాలి. అది మరిచిపోతే జీసీసీ దొరకలేదని ఎర్రర్ వస్తుంది, మనమేమో ఉన్న కంపైలర్‌నే తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తుంటాం.

మేక్ కొట్టగానే ఏదో దొరకలేదని ఆగిపోతోంది

ఉబుంటులో ఇవి వేసుకోండి: బిల్డ్-ఎసెన్షియల్, ఫ్లెక్స్, బైసన్, బీసీ, లిబ్ఎస్ఎస్ఎల్-డెవ్, లిబ్‌ఎన్‌కర్సెస్-డెవ్. చివరిది మెనూకాన్ఫిగ్ కోసం.

కంపైల్ మధ్యలో కరెంటు పోయింది. మళ్లీ మొదటి నుంచా?

కాదు. మేక్ మళ్లీ కొడితే ఆగిన చోటు నుంచి అందుకుంటుంది. ఒక్కోసారి కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న ఆబ్జెక్ట్ ఫైలు ఖాళీగా మిగిలిపోతుంది. మేక్ దాన్ని అయిపోయిందనుకుని ముందుకెళ్తుంది, చివర్లో లింక్ దగ్గర అర్థంకాని ఎర్రర్ వస్తుంది. అలా వస్తే మేక్ క్లీన్ కొట్టి మళ్లీ కట్టండి, మీ కాన్ఫిగ్ పోదు. ఎండాకాలం మధ్యాహ్నాలు డెస్క్‌టాప్ మీద కట్టేవాళ్లకు యూపీఎస్ ఉండటం మంచిది. మొదటిసారి కట్టేటప్పుడు జే పక్కన మీ కోర్ల సంఖ్య ఇచ్చి, చాయ్ తాగడానికి కిందికి వెళ్లిరండి. రెండోసారి నుంచి మారిన ఫైళ్లే కంపైల్ అవుతాయి.

## బూట్ దశ

సీరియల్ స్క్రీన్ మీద ఏమీ రాదు, వచ్చినా చెత్త అక్షరాలు

ఏమీ రాకపోతే తీగలు చూడండి. బోర్డు టీఎక్స్ కేబుల్ ఆర్ఎక్స్‌కు, బోర్డు ఆర్ఎక్స్ కేబుల్ టీఎక్స్‌కు వెళ్లాలి, గ్రౌండ్ గ్రౌండ్‌కు. పేర్లు కలిశాయి కదా అని టీఎక్స్‌ను టీఎక్స్‌కు కలపడం అందరూ ఒకసారైనా చేస్తారు. బీగిల్‌బోన్‌లో ఆరు పిన్నుల జే1 హెడర్: 1 గ్రౌండ్, 4 బోర్డు ఆర్ఎక్స్, 5 బోర్డు టీఎక్స్. రాస్ప్‌బెర్రీ పైలో కాన్ఫిగ్.టీఎక్స్‌టీలో ఎనేబుల్_యూఆర్ట్=1 రాయాలి.

చెత్త అక్షరాలు వస్తే స్పీడ్ తప్పు, 115200 పెట్టండి. కేబుల్ 3.3 వోల్టుల టీటీఎల్ రకమై ఉండాలి. పాత కంప్యూటర్ వెనకాల ఉండే తొమ్మిది పిన్నుల ఆర్ఎస్232ను నేరుగా తగిలిస్తే బోర్డు పోతుంది.

"స్టార్టింగ్ కర్నెల్" అని వచ్చి అక్కడే ఆగిపోయింది

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. మొదట తెలుసుకోవాల్సింది, కర్నెల్ ఆగిందా, లేక నడుస్తూ మాట్లాడట్లేదా అని. బోర్డుకు నెట్‌వర్క్ కేబుల్ పెట్టి రౌటర్‌లో అడ్రస్ తీసుకుందేమో చూడండి. తీసుకుంటే కర్నెల్ బతికే ఉంది, కన్సోల్ పేరే తప్పు. బీగిల్‌బోన్‌కు పాత ట్యుటోరియల్స్‌లో టీటీవైఓ0 అని ఉంటుంది, ఇప్పటి కర్నెల్స్‌లో 8250 డ్రైవర్ వాడితే టీటీవైఎస్0. మధ్యలో ఒక్క అక్షరమే తేడా.

నిజంగానే ఆగితే డీటీబీ వేరే బోర్డుది కావచ్చు, డీటీబీని లోడ్ చేసిన అడ్రస్ మీద కర్నెల్ విప్పుకుని తొక్కేసి ఉండవచ్చు, లేదా కాన్ఫిగ్‌లో మీ చిప్ కుటుంబమే ఆన్‌లో లేకపోవచ్చు. బూట్ఆర్గ్స్‌లో (బూట్‌లోడర్ కర్నెల్‌కు ఇచ్చే సెట్టింగుల లైన్) ఎర్లీకాన్ చేర్చి చూడండి. అసలు కన్సోల్ డ్రైవర్ లేవకముందే మాటలు బయటికి వస్తాయి. అదీ పనిచేయకపోతే కర్నెల్ హ్యాకింగ్ మెనూలో లో-లెవల్ డీబగ్, ఎర్లీప్రింట్‌కే ఆన్ చేసి మీ యూఆర్ట్‌ను ఎంచుకుని కట్టండి.

"అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్" అని ప్యానిక్ అయింది

ఎర్రర్ చివర బ్రాకెట్లో ఉన్న రెండు అంకెలు చదవండి. 0,0 అని ఉంటే కర్నెల్‌కు ఆ డిస్కే కనపడలేదు: ఎంఎంసీ డ్రైవర్‌కు స్టార్ లేదు, లేదా రూట్= దగ్గర పేరు తప్పు, లేదా రూట్‌వెయిట్ రాయలేదు. ఎస్‌డీ కార్డు లేవడానికి కొంచెం టైమ్ పడుతుంది, రూట్‌వెయిట్ లేకపోతే కర్నెల్ ఆగదు. 179,2 లాంటిది ఉంటే డిస్కు కనిపించింది (179 ఎంఎంసీది), పార్టిషన్ మీది ఫైల్ సిస్టమ్ అర్థం కాలేదు. అప్పుడు ఎక్స్‌టీ4కు స్టార్ ఉందా చూడండి. ప్యానిక్‌కు పైన కర్నెల్ తనకు కనిపించిన పార్టిషన్ల జాబితా కూడా అచ్చేస్తుంది. అది ఖాళీగా ఉందా లేదా చూస్తేనే సగం తేలిపోతుంది. ఫోటో పంపేవాళ్లు దయచేసి ఆ పై భాగం కూడా వచ్చేలా తీయండి.

మాడ్యూల్ లోడ్ చేస్తే "ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్"

నడుస్తున్న కర్నెల్ వేరు, మాడ్యూల్ కట్టిన కర్నెల్ వేరు. బోర్డు మీద యూనేమ్ -ఆర్ కొట్టండి, మాడ్‌ఇన్ఫోలో వర్‌మ్యాజిక్ చూడండి. రెండూ అక్షరం అక్షరం కలవాలి. గిట్ ట్రీలో మీరు ఏదైనా మార్చి కడితే వెర్షన్ చివర ప్లస్ గుర్తు చేరుతుంది, ఆ ఒక్క గుర్తుకే మాడ్యూల్‌ను రానివ్వదు. కొత్త కర్నెల్ కాపీ చేసిన ప్రతిసారీ మాడ్యూల్స్ ఇన్‌స్టాల్ కూడా చేయండి.

కొత్త కర్నెల్ చెడిపోతే పాతదానికి ఎట్ల పోవాలె?

పాతదాని మీద రాయకండి, వేరే పేరుతో పెట్టండి. పైలో కాన్ఫిగ్.టీఎక్స్‌టీలో కర్నెల్= లైన్ మారిస్తే చాలు. బీగిల్‌బోన్‌లో ఈఎంఎంసీని ముట్టుకోకుండా ప్రయోగాలన్నీ ఎస్‌డీ కార్డు మీద చేయండి. కార్డు పక్కనున్న ఎస్2 బటన్ నొక్కి పట్టుకుని కరెంటు ఇస్తే కార్డు నుంచి లేస్తుంది. కార్డు తీసేస్తే మామూలే.

## బోర్డు ఊళ్లోకి వెళ్లాక

ఈ కర్నెల్‌తో బోర్డులు అమ్ముతున్నాం. సోర్స్ ఇవ్వాలా?

ఇవ్వాలి. కర్నెల్ జీపీఎల్ వెర్షన్ 2 కింద ఉంది. బోర్డు కొన్నవాళ్లు అడిగితే మీరు మార్చిన కర్నెల్ సోర్స్, దాని కాన్ఫిగ్‌తో సహా ఇవ్వాలి. యూజర్ స్పేస్‌లో నడిచే మీ సొంత అప్లికేషన్‌కు ఇది వర్తించదు.

నర్సంపేట దగ్గర పొలంలో పెట్టిన బోర్డు హ్యాంగ్ అయితే ప్రతిసారి బండేసుకుని పోవాలా?

కాన్ఫిగ్‌లో మీ చిప్ వాచ్‌డాగ్ డ్రైవర్‌కు స్టార్ పెట్టండి, బీగిల్‌బోన్‌కు అది ఓమ్యాప్ వాచ్‌డాగ్. సిస్టమ్‌డీ సెట్టింగ్‌లో రన్‌టైమ్‌వాచ్‌డాగ్‌సెక్ ఇస్తే సిస్టమ్‌డీ ఆ వాచ్‌డాగ్‌ను క్రమం తప్పకుండా తట్టి లేపుతుంటుంది. తట్టడం ఆగిపోతే చిప్ తానే రీసెట్ అవుతుంది. బూట్ఆర్గ్స్‌లో ప్యానిక్=10 కూడా చేర్చండి. అది లేకపోతే, వాచ్‌డాగ్ ఇంకా మొదలుకాకముందే ప్యానిక్ అయిన కర్నెల్ ఎవరో వచ్చి స్విచ్ కట్టేసేదాకా అలాగే ఉండిపోతుంది. ఉంటే పది సెకన్లకు రీబూట్ అవుతుంది. స్టార్టర్ డబ్బాలో పెట్టే ముందు మీ టేబుల్ మీదే పరీక్షించండి: సిస్‌ఆర్‌క్యూ ఆన్‌లో ఉంచి, రూట్‌గా సిస్‌ఆర్‌క్యూ-ట్రిగ్గర్‌లోకి సీ అక్షరం రాస్తే కర్నెల్ కావాలనే ప్యానిక్ అవుతుంది. పది లెక్కపెట్టండి. మళ్లీ లాగిన్ వచ్చిందంటే డబ్బా మూయొచ్చు.